మొక్క ఎండిందా? ముందు గడ్డపార పట్టండి: కాలనీ పార్కు సమస్యలు - పరిష్కారాలు

అనంతపురంలో, చుట్టుపక్కల ఊళ్లలో కాలనీ పార్కును తామే చేతులేసి బాగుచేసుకుంటున్న వాళ్ల కోసం ఇది. కార్పొరేషన్‌కు అర్జీ పెట్టుకోవడం, వాట్సాప్ గ్రూపు పెట్టడం, పార, గడ్డపార, తట్ట సమకూర్చుకోవడం మీకు తెలుసనే అనుకుంటున్నాను. గుంత తీసి మొక్క ఎలా నాటాలో కూడా చెప్పను. నాటిన తర్వాత మొదలయ్యే తంటాల గురించే రాస్తున్నాను.

ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది "తవ్వి చూశారా?" అని. చూసినవాళ్లు అరుదు. అప్పటికే మందు కొట్టేసి ఉంటారు, ఎరువు వేసేసి ఉంటారు, నర్సరీ ఆయన్ని తిట్టేసి ఉంటారు. గడ్డపార మాత్రం గోడకు ఆనించినచోటే ఉంటుంది.

సమస్య: రోజూ నీళ్లు పోస్తున్నాం, అయినా మొక్క ఎండిపోతోంది

ముందు తేలికవి చూసేయండి. నర్సరీ కవరు తీయకుండా నాటారా? "కింద కోసిపెట్టాం కదా" అంటారు. కోస్తే చాలదు, మొత్తం తీసేయాలి. కాండం మొదలు మట్టిలో కూరుకుపోయిందా? కవరులో మట్టి ఎంతవరకు ఉందో నేలలోనూ అంతవరకే ఉండాలి. జూన్ 5న పర్యావరణ దినోత్సవం ఫొటో కోసం నాటారా? ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఊరు మనది. అందులోనూ గట్టి వానలు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు వైపే. జూన్ మొదట్లో నేల ఇంకా పెనంలా ఉంటుంది. ఫొటో అప్పుడే దిగండి, ఎవరొద్దన్నారు? మొక్క మాత్రం నేల అడుగు లోతు తడిశాక నాటండి.

ఇవేవీ కాకపోతే అసలు కారణం ఇది, చెబితే చాలామంది నమ్మరు: రోజూ కాసిని కాసిని నీళ్లు పోయడం.

కాలనీలో వంతులు వేసుకుంటారు. సోమవారం మొదటి వీధి, మంగళవారం రెండో వీధి. వంతు వచ్చినవాళ్లు పైపు పట్టుకుని ముప్పై మొక్కల మీదుగా నడుస్తారు, ఒక్కోదాని దగ్గర కాసేపు ఆగి ముందుకు పోతారు. మన్ను తడిసి ముదురు రంగుకు మారుతుంది, ఫొటో గ్రూపులో పడుతుంది, కింద నాలుగు దండాల బొమ్మలు. ఒక్కో మొక్కకు పడింది మహా అయితే రెండు మూడు లీటర్లు. మన ఎర్రమన్ను పైన పెచ్చు కడుతుంది. నీళ్లు వేగంగా పడితే సగం పక్కకు పారిపోతాయి. దిగినవి కూడా రెండు మూడు అంగుళాలకు మించి దిగవు. ఏప్రిల్ ఎండకు ఆ పైపొర మర్నాటి సాయంత్రానికల్లా ఆరిపోతుంది.

వేరు తడి ఉన్నచోటే తిరుగుతుంది. పైన రెండంగుళాల్లోనే తడి ఉంటే అక్కడే పరుచుకుని కూర్చుంటుంది, కిందికి దిగాల్సిన పని దానికి లేదు. అలాంటి మొక్క వానాకాలం, చలికాలం పచ్చగానే ఉంటుంది, కొత్త చిగుళ్లు కూడా వేస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. మార్చి దాటాక మోటారు కాలిపోయి రెండు రోజులు నీళ్లు ఆగితే చాలు, ఆకంతా రాల్చేస్తుంది. అప్పుడు అందరూ ఆ రెండు రోజుల వంతు వాళ్ల మీద పడతారు. "మీవల్లే పోయింది" అని గ్రూపులో ఒక మెసేజ్, దానికి ఇంకో జవాబు, ఇద్దరు గ్రూపు నుంచి బయటికి. నిజానికి ఆ మొక్కను నెలల తరబడి అందరూ కలిసే బలహీనం చేశారు. మొక్కలు పోయినా మళ్లీ నాటుకోవచ్చు. ఈ గొడవతో దూరమైన మనుషులను మళ్లీ పార్కుకు రప్పించడం మాత్రం చాలా కష్టం.

గుర్తులు ఇలా ఉంటాయి. పైమన్ను తడిగానే ఉన్నా మధ్యాహ్నం రెండింటికి ఆకు వాలిపోతుంది. కొత్త ఆకులు పాతవాటి కంటే చిన్నవిగా వస్తాయి. కాండం పట్టుకుని మెల్లగా ఊపితే మొదలు దగ్గర మన్ను కదులుతుంది.

పరీక్ష: నీళ్లు పోసిన మర్నాడు పొద్దున కాండానికి జానెడు దూరంలో, పాదు లోపలే, గడ్డపారతో అడుగు లోతు చిన్న గుంత తీయండి. గుంత గోడ చూడండి. పైన వేలెడు మందం ముదురు రంగు, దాని కింద గీత గీసినట్టు పాలిపోయిన ఎర్ర పొడి కనబడితే విషయం తేలిపోయినట్టే. అనుమానం ఉంటే అడుగున ఉన్న మన్ను పిడికిట్లో నొక్కండి. ఉండ కట్టాలి, వేలితో తట్టితే విడిపోవాలి. ఉండే కట్టకుండా వేళ్ల సందుల్లోంచి జారిపోతే అక్కడికి నీళ్లు ఎప్పుడూ చేరలేదన్నమాట. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు పడుతుంది. దీన్ని తప్పించుకోవడానికి జనం వేలకు వేలు పెట్టి మందులు కొంటారు.

పరిష్కారం: మొక్క చుట్టూ రెండడుగుల వెడల్పున పాదు చేయండి, గట్టు నాలుగంగుళాలు ఉండాలి. కాండం దగ్గర మన్ను కొంచెం ఎత్తుగా ఉంచండి, నీళ్లు కాండం మొదలు దగ్గర నిలవకూడదు. అందులో ఒక్కసారి 20 లీటర్లు, నిదానంగా. అలా ఇంకితే దాదాపు అడుగున్నర దాకా తడుస్తుంది. నిదానంగా పోసే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి పాత 20 లీటర్ల వాటర్ క్యాన్లు సంపాదించండి. అడుగున కాల్చిన మేకుతో ఒక చిన్న బెజ్జం పెట్టి, నింపి, పాదులో నిలబెట్టి వెళ్లిపోండి. మూత బిగించొద్దు, బిగిస్తే గాలి ఆడక నీళ్లు ఆగిపోతాయి. గంట పైనే పట్టాలి. పావుగంటలో ఖాళీ అయిపోతే బెజ్జం పెద్దదైందని అర్థం, ఒక పుల్ల గుచ్చండి.

ఎన్నాళ్లకోసారి? నాటిన మొదటి రెండు మూడు వారాలు రోజు విడిచి రోజు, ఎందుకంటే వేర్లు ఇంకా కవరు మట్టి ముద్దలోనే ఉంటాయి. తర్వాత ఎండాకాలంలో నాలుగు రోజులకోసారి, చలికాలంలో వారానికోసారి. మంచి వాన పడితే అసలు వద్దు. ఇప్పటికే రోజువారీ నీళ్లకు అలవాటుపడ్డ మొక్కకు మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు. ముందు రెండు రోజులకోసారి, తర్వాత మూడు, ఆపైన నాలుగు. ప్రతిసారీ క్యాన్ నిండా. వేరు కిందికి దిగడానికి టైమ్ ఇవ్వాలి.

"ఇన్ని నీళ్లు ఎక్కడివి?" అంటారు. ముప్పై మొక్కలకు రోజూ మూడేసి లీటర్లు పోస్తే నాలుగు రోజుల్లో 360 లీటర్లు. పదిహేను మొక్కలకు నాలుగు రోజులకోసారి 20 లీటర్లంటే 300. అందుకే నేను పదిహేనే నాటమంటాను. ముప్పై అంకె బ్యానర్ మీద బాగుంటుంది కానీ మే నెలలో పనికిరాదు.

పాదులో మూడంగుళాల మందం బుడ్డల (వేరుశనగ) పొట్టు పరవండి. కాయలు కొట్టే మిల్లుల దగ్గర మన ఊళ్లో దొరకనిది కాదు. కాండానికి బెత్తెడు దూరం వదలండి, లేకపోతే చెదలు కాండానికే పాకుతాయి. గుప్పెడు వేపపిండి కలిపితే ఇంకా మంచిది.

ఇక వంతుల సంగతి. రోజులు పంచుకోవడం మానేసి చెట్లు పంచుకోండి. ఒక్కో చెట్టుకు రెండిళ్లు, ఎదురెదురు ఇళ్లో పక్కపక్క ఇళ్లో. రెండిళ్లు ఎందుకంటే, బడికి సెలవులిచ్చే ఏప్రిల్ చివర్లో సగం కాలనీ అమ్మమ్మగారి ఊళ్లకు పోతుంది, మొక్కకు నీళ్లు ఎక్కువ కావాల్సిందీ అప్పుడే. "అక్కా, మేం పది రోజులు ధర్మవరం పోతున్నాం, మా వేపను కొంచెం చూసుకో" అన్న మాట మొదలయ్యాక పార్కు గురించి నాకు ఫోన్లు తగ్గుతాయి. చెట్టుకు పేరు రాసిన బోర్డు మాత్రం పెట్టొద్దు. ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక అనే పంచాయితీ మనకెందుకు?

సమస్య: తవ్వితే అడుగున బురద, ఆకులు పసుపు

ఇది పైదానికి సరిగ్గా తిరగబడిన కేసు, వానాకాలంలో వస్తుంది. గట్టి నేలలో నున్నటి గోడలతో గుంత తీసి మెత్తటి మన్ను నింపారు. గుంత కుండీ అయి కూర్చుంది, నీళ్లు బయటికి పోవు, వేరు కుళ్లుతుంది. నాటేముందే ఒక బకెట్ నీళ్లు గుంతలో పోసి చూడాలి. మర్నాటికీ నిలిచి ఉంటే అడుగునూ గోడలనూ గడ్డపారతో పొడిచి పగలగొట్టాలి. లేఅవుట్ పార్కుల్లో కింద ఇళ్లు కట్టగా మిగిలిన రాళ్లు, సిమెంటు పెళ్లలు పూడ్చి ఉండటం మామూలే. అలాంటి చోట గుంత మూడడుగులు తీసి, ఆ చెత్త బయట పారేసి, చేను మన్ను తెచ్చి నింపండి.

సమస్య: మొక్కలు విరిచేస్తున్నారు

అందరూ వెంటనే సీసీ కెమెరా అంటారు. ముందు విరిగిన మొక్క ఎక్కడుందో నిలబడి చూడండి. వికెట్లకు ఎదురుగానా? గేటు నుంచి కిరాణా కొట్టుకు పోయే అడ్డదారిలోనా? పిల్లలు ఆ జాగాలో మీకంటే ముందు నుంచి ఆడుతున్నారు. మధ్యలో మొక్క పెడితే బంతి దానికి తగలక ఎక్కడికి పోతుంది? పిచ్ వదిలేసి ప్రహరీ వెంబడి నాటండి. జనం నడిచి నడిచి గట్టిపడ్డ దారిని అలాగే ఉంచి, దాని మీద నాలుగు తాడిపత్రి బండలు పరవండి. దారిని మూసేస్తే పక్కన ఇంకో దారి పుడుతుంది, ఈసారి మీ పూలమొక్కల మీదుగా.

మేకలైతే ఇనుప గార్డు కోసం దాతను వెతకాల్సిన పని లేదు, సర్కారు తుమ్మ ముళ్లకంప కొట్టి చుట్టూ కట్టండి. ఎండాక కూడా పని చేస్తుంది.

సమస్య: సాయంత్రం ఆడవాళ్లు, పెద్దవాళ్లు కూర్చోవడం లేదు

లైట్ ఉందా చూడండి. ఉంటే బెంచీ మీద సాయంత్రం ఆరింటికి చెయ్యి పెట్టి చూడండి. రాతి బెంచీ పడమటి ఎండలో ఉంటే ఏడు దాకా కాలుతూనే ఉంటుంది. చెట్టుకు తూర్పువైపు వేస్తే మధ్యాహ్నం నుంచి నీడ దాని మీద పడుతుంది. బెంచీలు ఒకే వరసలో వేయకుండా రెండు ఎదురెదురుగా వేస్తే మాటలు వాటంతటవే మొదలవుతాయి.

సమస్య: ఆదివారం పనికి జనం తగ్గిపోయారు

వచ్చినవాళ్లకు చేతిలో పని లేదు, అంతే. ఇద్దరు పెద్దమనుషులు ఎక్కడ ఏం నాటాలో వాదించుకుంటుంటే మిగతా పన్నెండు మంది చేతులు కట్టుకుని నిలబడతారు. వచ్చే వారం రారు. శనివారం రాత్రే గ్రూపులో పెట్టండి: రేపు మూడు పనులు, ఆరున్నర నుంచి ఏడున్నర, పారలు ఎవరు తెస్తారు, టీ ఎవరు తెస్తారు. ఏడున్నరకు ఆపేయండి, పని మిగిలినా సరే. చందా లెక్క అదే రోజు ఫొటో తీసి గ్రూపులో వేయండి. లెక్క ఆలస్యమైతే అనుమానం మొదలవుతుంది, పైకి ఎవరూ అనరు, రావడం మానేస్తారు.

సమస్య: లైట్లు వెలగవు, బోరు మోటారు బాగుచేయరు

నోటి మాటగా చెబితే ఎవరికీ గుర్తుండదు. వార్డు సచివాలయంలో రాసి ఇవ్వండి, స్తంభం నంబరు వేయండి. పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు దాచుకోండి. ముందు ఫ్యూజు చూసుకోండి, మీ పరువు కోసం.

అరుదుగా వచ్చేవి

పాదులో తెల్లటి ఉప్పు పొర కనబడితే బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైనట్టు. వానాకాలం ముందు మన్ను, నీళ్లు రెండూ పరీక్షకు పంపి, వాళ్లు చెప్పినదాన్నిబట్టి చేయండి. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ అనే విదేశీ మొక్క ఇస్తే తీసుకోవద్దు. వేప, కానుగ, చింత, నేరేడు చాలు. "ఈ నేలలో చెట్లు రావు" అనేవాళ్లకు కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూపించండి. 1989లో గిన్నిస్‌కెక్కిన ఆ చెట్టు దాదాపు ఐదెకరాల్లో ఉంది. ఎప్పుడో పెరిగిన పెద్ద చెట్టును ఎవరైనా అడ్డమని కొట్టబోతే, 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి చూపించమని అడగండి.

పార్కు మూల తమదని ఎవరైనా గోడ మొదలుపెడితే, గొడవకు దిగేముందు మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగం నుంచి ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను కాపీ తెచ్చుకోండి. లేఅవుట్‌లో ఖాళీ స్థలంగా వదిలి స్థానిక సంస్థకు అప్పగించిన జాగా ఎంతో, ఎక్కడో అందులో ఉంటుంది. సర్వేయర్‌ను పిలిపించి కొలిపించండి. కొలత తేలేదాకా ఆ మూలలో మొక్కలు పెట్టొద్దు.