ఉదయగిరి చెక్క గరిటెల ఆన్‌లైన్ దుకాణాన్ని వెబ్ యాప్‌గా మార్చడం

నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క గరిటెలను అమ్మే ఆన్‌లైన్ దుకాణాన్ని ప్రోగ్రెసివ్ వెబ్ యాప్‌గా (ఫోన్‌లో యాప్‌లా పెట్టుకుని వాడగలిగే వెబ్‌సైటుగా) మార్చాలంటే, ముందుగా సైటు మొత్తం హెచ్‌టీటీపీఎస్ (సమాచారాన్ని గుప్తంగా పంపే సురక్షిత పద్ధతి) మీద నడవాలి. తరువాత దుకాణం పేరు, ప్రారంభ పేజీ, 192, 512 పిక్సెళ్ల ఐకాన్లు చేర్చి మానిఫెస్ట్ ఫైలు (యాప్ వివరాలను బ్రౌజర్‌కు తెలిపే ఫైలు) రాసి, ప్రతి పేజీలోనూ దానికి లింకు ఇవ్వాలి.

అసలు శ్రద్ధ పెట్టవలసింది సర్వీస్ వర్కర్ మీద, అంటే బ్రౌజర్‌లో వెనుక నడుస్తూ ఫైళ్లను ఎక్కడి నుంచి తేవాలో చూసుకునే స్క్రిప్టు మీద. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట కూడా పేజీ తెరుచుకునేలా లోగో, స్టైల్ ఫైళ్లు, గరిటెల ఫొటోలు క్యాష్‌లో (ఫోన్‌లోనే ఫైళ్లు దాచుకునే చోట) దాచవచ్చు గానీ, ధర, నిల్వ, చెల్లింపు వివరాలను ఎప్పటికప్పుడు సర్వర్ నుంచే తెప్పించాలి. పాత ధర చూపి కొత్త ధర వసూలు చేస్తే కొనేవారి నమ్మకం పోతుంది, ఇది చిన్న విషయం కాదు. ఫైళ్లు మార్చినప్పుడల్లా క్యాష్ వెర్షన్ పెంచి, పాతదాన్ని తొలగించాలి.

ఐఫోన్ వాడేవారికి, యాప్‌ను ఫోన్‌లో పెట్టుకోవడానికి సఫారీ బ్రౌజర్ షేర్ మెనూలో 'యాడ్ టు హోమ్ స్క్రీన్' ఎంచుకోవాలని తెలుగులో రాసి చూపాలి.