నీళ్లు బ్లీచింగ్ వాసన కొడుతున్నాయా? మందు తగ్గించే ముందు ఇవి చూడండి

ఎండాకాలం కాలువలు కట్టేశాక కోస్తా ఊళ్లకు సమ్మర్ స్టోరేజీ ట్యాంకులే (కాలువ నీళ్లను ముందుగా నింపి ఉంచే చెరువులే) దిక్కు. వాసన ఫిర్యాదులూ అప్పుడే ఎక్కువ. జనం తిడుతున్నారని చాలామంది ఆపరేటర్లు బ్లీచింగ్ (నీళ్లలోకి క్లోరిన్ వదిలే మందు) తగ్గించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కలరా, టైఫాయిడ్ ఊరినే మంచం ఎక్కిస్తాయి. క్లోరిన్ వల్ల పుట్టే రసాయనాలను తగ్గించే పేరుతో క్రిమిసంహారం తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గట్టిగానే చెబుతోంది.

సమస్య: రోజూ వేసేంతే వేశారు, అయినా ఘాటు వాసన

కారణం: చాలాసార్లు అమ్మోనియా. ట్యాంకులోకి మురుగో, పేడనీళ్లో దిగుతుంటే క్లోరిన్ ఆ అమ్మోనియాతో కలిసి క్లోరమిన్లు అవుతుంది. ఆ ఘాటు వాటిదే. క్లోరోస్కోపులో (రంగుతో క్లోరిన్‌ను కొలిచే చిన్న పరికరం) ఆర్థోటాలిడిన్ అనే రంగు మందు వేసి 10 సెకన్లలోపు రంగు చూడండి. అది క్రిములను చంపే అసలు క్లోరిన్. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. పసుపు బాగా ముదిరితే మిగతాదంతా క్లోరమిన్లే.

పరిష్కారం: మురుగు దిగే దారి మూయడం. 1 మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను వదిలించడానికి 8 నుంచి 10 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి. అంత పోస్తూ పోతే కింద చెప్పే రెండో సమస్య మొదలవుతుంది.

సమస్య: ల్యాబ్ రిపోర్టులో క్లోరోఫాం ఎక్కువ

మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇంత తక్కువ మోతాదు ముక్కుకు తెలియదు, క్లోరోస్కోపు చూపించదు.

కారణం: నాచు, కుళ్లిన ఆకులు, మడ్డి. వాటి సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిస్తే క్లోరోఫాం లాంటి ట్రైహలోమీథేన్లు పుడతాయి. 1974లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో యొహానెస్ రూక్ దీన్ని బయటపెట్టాడు. వేడి, నిల్వ సమయం, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) పెరిగేకొద్దీ ఇవీ పెరుగుతాయి. నాచు పట్టిన ట్యాంకులో మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాకా పోవచ్చు. అంటే మన ఎండాకాలంలో ఈ మూడూ ఒకేసారి కూడతాయి.

పరిష్కారం: శుద్ధి చేయని నీళ్లలో ముందే క్లోరిన్ కలిపే అలవాటు మానండి. జార్ టెస్ట్ (గ్లాసుల్లో వేర్వేరు మోతాదుల పటిక వేసి చూడడం) చేసి పటిక మోతాదు తేల్చి, మడ్డి పేరుకుని దిగాక, ఫిల్టర్ దాటిన నీళ్లలో క్లోరిన్ వేయండి. అప్పుడు తక్కువ మందే సరిపోతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగు మడ్డిని కడిగించండి. శాంపిల్ సీసాలో సోడియం థయోసల్ఫేట్ (మిగిలిన క్లోరిన్‌ను పోగొట్టే రసాయనం) వేసి, గాలిబుడగ లేకుండా నింపండి. లేకపోతే సీసాలోనే క్లోరోఫాం తయారవుతూ పోతుంది, కొంత గాల్లోకీ పోతుంది. రిపోర్టు దేనికీ పనికిరాదు.

సమస్య: చివరి వీధిలో క్లోరిన్ సున్నా

ప్లాంటు దగ్గర రెట్టింపు పోయకండి. మొదటి వీధివాళ్లు ఆ భారం మోస్తారు. దారిలోని ఓవర్‌హెడ్ ట్యాంకులో కొంచెం కలిపి, చివరి కుళాయిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండేలా చూడండి.

ఇంట్లో కార్బన్ ఫిల్టర్ క్లోరోఫాం లాంటివాటిని చాలావరకు పట్టేస్తుంది. అయితే క్లోరిన్ కూడా పోతుంది కాబట్టి వడగట్టిన నీళ్లు ఆ రోజే తాగేయండి, కార్ట్రిడ్జ్ గడువు దాటనివ్వకండి.