పెన్ డ్రైవ్‌కి ఏ ఫార్మాట్ పెట్టుకోవాలి?

మా చెల్లెలి పెళ్లి వీడియో ఒకటే ఫైలు, 6 జీబీ. 32 జీబీ పెన్ డ్రైవ్ దాదాపు ఖాళీ. అయినా కాపీ చేయబోతే ఫైలు మరీ పెద్దదంటూ విండోస్ ఆపేసింది. డ్రైవ్ పాడైందేమో అని ఇంట్లో అందరికీ టెన్షన్. డ్రైవ్ బాగానే ఉంది. దాని ఫార్మాట్, అంటే ఫైళ్లను సర్దిపెట్టుకునే పద్ధతి, ఫ్యాట్32, అంతే. అందులో ఏ ఒక్క ఫైలూ 4 జీబీకి చేరకూడదు, ఖాళీ ఎంతున్నా సరే.

ముందు మీ డ్రైవ్ సంగతి చూడండి. దిస్ పీసీలో దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే, ఫైల్ సిస్టమ్ అన్నచోట ఫార్మాట్ పేరు ఉంటుంది.

తర్వాత, దాన్ని ఎక్కడెక్కడ పెడతారో ఆలోచించండి. నిర్ణయమంతా ఇక్కడే ఉంది. కారు స్టీరియోలో పాటలకైతే ఫ్యాట్32 చాలు. 1996 నుంచీ ఉన్నది కాబట్టి పాత టీవీలు కూడా సాధారణంగా చదువుతాయి. విండోస్, మ్యాక్ రెండింటికీ తిప్పేవాళ్లు, పెద్ద వీడియోలున్నవాళ్లు ఎక్స్‌ఫ్యాట్ పెట్టుకోండి. ఇప్పటి లినక్స్‌లోనూ పనిచేస్తుంది. నన్నడిగితే ఎక్కువమందికి ఇదే సరైనది. ఎన్‌టీఎఫ్ఎస్ విండోస్‌లోనే వాడేవాళ్లకి. మ్యాక్ దాన్ని చదువుతుంది కానీ, మామూలుగా అందులోకి ఏమీ రాయనివ్వదు.

ఇక ఫార్మాట్ చేయడం. డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ముందే వేరేచోట కాపీ పెట్టుకోండి. రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ నొక్కే ముందు డ్రైవ్ అక్షరం, సైజు రెండుసార్లు చూసుకోండి. పక్కనున్న హార్డ్ డిస్క్ మీద నొక్కితే ఏళ్ల నాటి ఫొటోలు పోతాయి. ఫైల్ సిస్టమ్ ఎంచుకుని, అలొకేషన్ యూనిట్ సైజు కదపకుండా, క్విక్ ఫార్మాట్‌కి టిక్ ఉంచి, స్టార్ట్ నొక్కండి. 32 జీబీ కంటే పెద్ద డ్రైవ్ అయితే ఈ జాబితాలో ఫ్యాట్32 కనబడకపోవచ్చు.

ఎక్స్‌ఫ్యాట్‌తో ఒక్క జాగ్రత్త. కాపీ మధ్యలో లాగేస్తే సరిదిద్దుకోవడానికి ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఉన్నట్టు దీనికి జర్నల్, అంటే జరుగుతున్న మార్పులు రాసుకునే చిట్టా, ఉండదు. ఎజెక్ట్ చేశాకే తీయండి.

చుట్టాలొచ్చాక కాదు, ముందురోజే టీవీకి పెట్టి చూడండి. మా పాత టీవీ ఎక్స్‌ఫ్యాట్‌ని గుర్తించలేదు. మళ్లీ ఫ్యాట్32 చేసి, వీడియోని ఎడిటింగ్ యాప్‌లో 3 జీబీ చొప్పున రెండు ముక్కలు చేసి వేశాను. జీలకర్ర బెల్లం మొదటి దాంట్లో, అప్పగింతలు రెండో దాంట్లో.