ఎస్తోనియా కంపెనీకి బ్యాంకు ఖాతా: దరఖాస్తుకు ముందు చూసుకోవాల్సినవి

ఈ-రెసిడెన్సీ కార్డు (విదేశీయులకు ఎస్తోనియా ఇచ్చే డిజిటల్ గుర్తింపు) చేతికొచ్చినంత మాత్రాన ఖాతా వచ్చేసినట్టు కాదు. ఖాతా ఎవరిస్తారో తేల్చుకున్నాకే కంపెనీ రిజిస్ట్రేషన్‌కు డబ్బు కట్టండి. ఎల్‌హెచ్‌వీ, ఎస్‌ఈబీ లాంటి అక్కడి బ్యాంకులు ఎస్తోనియాతో మీ వ్యాపారానికి సంబంధమేంటని అడుగుతాయి. అక్కడి కస్టమరుతో ఒప్పందమో, ఇన్‌వాయిసో చూపాలి. అద్దె అడ్రసు ఒక్కటే చూపిస్తే పని జరగడం కష్టం.

పరిశీలన రుసుం ఉందా, ఖాతా ఇవ్వకపోతే అది వెనక్కొస్తుందా అని ముందే అడగండి.

ఫిన్‌టెక్ (ఆన్‌లైన్‌లో ఆర్థిక సేవలిచ్చే కంపెనీ) ఖాతా అయితే దానికున్నది బ్యాంకు లైసెన్సా, ఈ-మనీ లైసెన్సా చూడండి. బ్యాంకు డిపాజిట్‌కు 1,00,000 యూరోల దాకా గ్యారంటీ ఉంటుంది. ఈ-మనీ సంస్థలో (బ్యాంకు కాకుండా, డిజిటల్ డబ్బు ఖాతాలిచ్చే సంస్థ) అది ఉండదు, కస్టమర్ల డబ్బు విడిగా ఉంచుతారంతే.

ఐబాన్ (అంతర్జాతీయ ఖాతా నంబరు) ఎస్తోనియా కోడ్ ‘ఈఈ’తోనే మొదలవ్వాలని పట్టుబట్టకండి. సెపాలో (యూరో చెల్లింపుల ఉమ్మడి వ్యవస్థ) ఉన్న వేరే దేశపు ఐబాన్ కూడా చెల్లుతుంది.

ఇండియాలో ఉంటూ మూలధనం పంపేవాళ్లు మన బ్యాంకులో ఫారం ఎఫ్‌సీ (విదేశీ పెట్టుబడి వివరాల ఫారం) ఇచ్చి, యూఐఎన్ (ఆ పెట్టుబడికి ఆర్‌బీఐ ఇచ్చే గుర్తింపు సంఖ్య) వచ్చాకే పంపాలి. లేదంటే ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) చిక్కు.