ఊక బూడిదను నేచురల్ రబ్బరులో ఫిల్లర్‌గా వాడాలంటే

నంద్యాల వైపు కె.సి. కెనాల్ కింద వరి బాగా పండుతుంది, ఊకతో బాయిలర్ నడిపే రైస్ మిల్లుల వెనక బూడిద గుట్టలుగా పడి ఉంటుంది. బాగా కాలిన ఊక బూడిదలో నూటికి 85 నుంచి 95 పాళ్లు సిలికానే. అందుకే కర్నూలు, అనంతపురం వైపు చిన్న రబ్బరు యూనిట్ నడిపేవాళ్లు దీన్ని ఫిల్లర్‌గా, అంటే రబ్బరులో కలిపే పొడిగా, ఒకసారి ట్రయల్ వేసి చూడాలని గట్టిగా చెప్తాను. కాకపోతే ఇది కార్బన్ బ్లాక్ (రబ్బరుకు బలమిచ్చే నల్ల పొడి) చేసే పని చేయదు. చైనా క్లే, చాక్ పౌడర్ వేసే చోట వేసుకోండి. పశువుల కింద పరిచే మ్యాట్లకు, డోర్ మ్యాట్లకు సరిపోతుంది, టైరు ట్రెడ్‌కు మాత్రం వద్దు.

అనంతపురంలో బుడ్డల (వేరుశనగ) పొట్టుకు కొదవ లేదు కదా, అది కాల్చి వేయొచ్చా అని అడుగుతారు. దానిలో బూడిద చాలా తక్కువ వస్తుంది, వచ్చినదానిలో పొటాషియం, కాల్షియం ఎక్కువ, క్షారగుణం వల్ల క్యూరింగ్ (గంధకంతో వేడికి రబ్బరు గట్టిపడటం) టైమ్ మారిపోతుంది. మొదట ఊకతోనే మొదలుపెట్టండి.

అసలు పనంతా బూడిద తయారీలోనే ఉంది. నల్లగా ఉంటే సగం కాలినట్టు, లేత బూడిదరంగులో ఉన్నది ఏరుకోండి. 600, 700 డిగ్రీల దగ్గర కాలినది మంచిది, 800 దాటితే సిలికా స్ఫటికంగా మారడం మొదలవుతుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. ఏ బూడిదైనా సరే, పని చేసే మనిషికి ఎన్95 మాస్క్ లేకుండా బస్తా విప్పనివ్వకండి. తర్వాత అయస్కాంతం తిప్పి ఇనుప రజను తీసేసి, బాల్ మిల్లులో నూరి, 325 మెష్ జల్లెడ, అంటే 45 మైక్రాన్లు, పట్టండి. ఇక్కడ బద్ధకిస్తే అంతా వృథా, ఎందుకంటే ఒక్క ముతక రేణువు ఉన్నా షీటు చిరగడం అక్కడే మొదలవుతుంది. జల్లించినదాన్ని 105 డిగ్రీల ఓవెన్‌లో నాలుగైదు గంటలు ఆరబెట్టి, చల్లారగానే ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టేయాలి, లేకపోతే మళ్లీ తేమ పీల్చుకుని షీటులో బుడగలు వస్తాయి.

ట్రయల్‌కు ఒక కిలో ఆర్ఎస్ఎస్ (పొగబెట్టి ఆరబెట్టిన షీట్ల) రబ్బరు చాలు. దానికి జింక్ ఆక్సైడ్ 50 గ్రాములు, స్టియరిక్ యాసిడ్ 20, టీఎంక్యూ (రబ్బరు ముసలిది కాకుండా కాపాడే మందు) 10, బూడిద 200, ప్రాసెస్ ఆయిల్ 20, సీబీఎస్ (క్యూరింగ్‌ను తొందర చేసే యాక్సిలరేటర్) 10, గంధకం 25. టీఎంక్యూ మానకండి, బూడిదలో మాంగనీస్ ఉంటుంది, అది రబ్బరును తొందరగా ముసలిదాన్ని చేస్తుంది. సిలికా యాక్సిలరేటర్‌ను పట్టేసుకుని క్యూరింగ్ ఆలస్యం చేయగలదు కాబట్టి డైఇథైలిన్ గ్లైకాల్ 5 నుంచి 10 గ్రాములు వేస్తే మంచిది.

టూ రోల్ మిల్లు (రెండు రోళ్ల మధ్య రబ్బరును నలిపి కలిపే యంత్రం) మీద రబ్బరు మెత్తబడి రోలుకు చుట్టుకున్నాక జింక్, స్టియరిక్, టీఎంక్యూ వేయండి, తర్వాత బూడిదను కొంచెం కొంచెంగా, మధ్యలో ఆయిల్, గ్లైకాల్ కలుపుతూ. ఒకేసారి కుమ్మరిస్తే ఉండలు కడుతుంది. గంధకం, సీబీఎస్ చివర్లో, రోళ్లు చల్లగా ఉన్నప్పుడే. రాత్రంతా పక్కన పెట్టి మర్నాడు 150 డిగ్రీల దగ్గర ప్రెస్ చేయండి. రియోమీటర్ (క్యూరింగ్ టైమ్ కొలిచే యంత్రం) లేకపోతే 2 మి.మీ. షీట్లను 6, 8, 10, 12 నిమిషాలు ఉంచి చూసుకోవచ్చు.

పక్కనే బూడిద లేకుండా ఒక బ్యాచ్, మీరు రోజూ వాడే ఫిల్లర్ అంతే బరువు వేసి ఇంకో బ్యాచ్ తప్పకుండా చేయండి. బూడిద పెరిగేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది, లాగితే తెగే బలం తగ్గుతుంది, మీ సరుకుకు 200 గ్రాములు సరిపోతుందో లేదో ఆ మూడు బ్యాచ్‌ల షీట్లు చెప్తాయి.

ఖర్చు లెక్క కిలోకు వేయకండి, మ్యాట్‌కు వేయండి, ఎందుకంటే అచ్చు నిండేది బరువుతో కాదు, పరిమాణంతో. బూడిద సాంద్రత సుమారు 2.1, మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) పొడి కన్నా చాలా తేలికే, కానీ రబ్బరుది 0.92 మాత్రమే. 200 గ్రాములు వేస్తే పెరిగే పరిమాణం సుమారు 95 మిల్లీలీటర్లే. నూరడానికి అయ్యే కరెంటు, జల్లెడ కూలీ కూడా కలిపి చూసుకున్నాకే పెద్ద బ్యాచ్‌కు వెళ్లండి.