దేవుడున్నాడా అని సరిగ్గా అడగడం ఎలా

ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైన మనిషిని నేను. నా ఉద్యోగమంతా మైక్రోస్కోప్ ముందే గడిచింది. అందుకే దేవుడి విషయంలో నేను చెప్పేది పండితుల పద్ధతి కాదు, ల్యాబ్ పద్ధతి. ఉన్నాడో లేడో తేల్చే పూచీ నాది కాదు. అడిగే తీరు మాత్రం చెప్తాను.

ముందు ఒక నోట్‌బుక్ తీసుకుని, మీరు అడుగుతున్నది ఏ దేవుడి గురించో రాయండి. చాదస్తంలా ఉంటుంది గానీ, సగం గొడవలు ఇక్కడే తెగిపోతాయి. లోకాన్ని సృష్టించినవాడా? మొర ఆలకించేవాడా? చేసిన కర్మకు ఫలం పంచేవాడా? లేక గుణమూ రూపమూ లేని బ్రహ్మమా? ఒకరు మొదటివాణ్ణి కాదంటూ ఉంటే ఇంకొకరు నాలుగోదాన్ని వెనకేసుకొస్తూ గంటలకు గంటలు వాదించుకోవడం ఎన్నిసార్లు చూశానో! వేదాన్ని ప్రాణంగా చూసుకున్న మీమాంసకులే సృష్టికర్తను ఒప్పుకోలేదు, తెలుసా? యజ్ఞానికి ఫలం రావడానికి మధ్యలో ఎవరూ అక్కర్లేదన్నారు. శరీరం లేనివాడు సృష్టించాలని ఎలా అనుకున్నాడు, ఉంటే ఆ శరీరాన్ని ఎవరు చేశారు అని వాళ్లలో పెద్ద పండితుడైన కుమారిల భట్టు నిలదీశాడు. కాబట్టి సందేహం వచ్చినందుకు లెంపలు వేసుకోనక్కర్లేదు.

తర్వాతి పేజీలో ఈ సందేహం మీకు ఎప్పుడు మొదలైందో రాయండి. ఏదో చదివి మొదలైతే మంచిదే, నింపాదిగా ముందుకెళ్లొచ్చు. ఎవరో పోయాక మొదలైతే మాత్రం జాగ్రత్త. "ఎందుకిలా చేశావు?" అన్నది పైకి ప్రశ్నలా కనిపించే దెబ్బలాట, దెబ్బలాటకు అవతల ఎవరో ఒకరుండాలి. పోతన గజేంద్రుడు "కలడు కలండనెడివాడు కలడో లేడో" అన్నది మొసలి కాలు పట్టుకుని లాగుతున్నప్పుడు. ఆ అనుమానం నోట ఉండగానే అదే దేవుణ్ణి పిలుస్తున్నాడు. అలాంటి రోజుల్లో తోచిందంతా రాయండి, కోపం వస్తే తిట్టండి కూడా. జవాబు గడి మాత్రం ఖాళీగా వదిలేయండి. మా అక్క పోయిన ఏడాది నేను రాసిన పేజీలన్నీ అలాగే ఉన్నాయి.

ఇప్పుడు అసలు పని. మలేరియా అనుమానంతో రక్తం వస్తే, గాజు పలక మీద పూసి రంగు వేసిన మందపాటి స్మియర్‌ను ఆయిల్ లెన్స్ కింద పెట్టి కనీసం 100 ఫీల్డులు చూడాలి. లెన్సులో ఒకసారికి కనబడేంత మేరను ఫీల్డు అంటాం. ఎర్రటి చుక్క, దాన్ని అంటిపెట్టుకుని ఓ నీలి తునక కనబడిందా, అదే మలేరియా పారసైటు, పని అయిపోయింది. అన్నీ చూసినా ఏమీ లేకపోతే "పారసైట్లు కనబడలేదు" అని రాస్తాం. "లేవు" అని రాయం. పది ఫీల్డులు చూసి లేచిపోయి అదే మాట రాస్తే దాన్ని రిపోర్టు అనరు. అలాగని "కనబడలేదు" అన్న మాట ఉత్తదేం కాదు. ఉంటే కనబడి తీరాల్సిన చోట, తగినంతసేపు వెతికాక కనబడలేదంటే అది గట్టి సాక్ష్యమే.

ఇది నా తెలివేం కాదు. దేవుడున్నాడని వాదిస్తూ న్యాయకుసుమాంజలి రాసిన ఉదయనుడు దాదాపు వెయ్యేళ్ల కిందటే పట్టుకున్న సంగతి. కనబడడానికి తగిన వస్తువు కనబడకపోతేనే లేదనగలం, కంటికి అందనిదాన్ని కనబడలేదన్న కారణంతో కొట్టేయలేం అన్నాడాయన. ఇది విని భక్తులు సంబరపడతారు. నేను వాళ్లనీ ఓ మాట అడుగుతాను: మీ దేవుడు ఎక్కడా, ఎప్పుడూ, ఏ రకంగానూ తెలియనక్కర్లేదంటే, ఆయన ఉన్న లోకానికీ లేని లోకానికీ తేడా ఏమిటి?

అందుకని పేజీ మధ్యలో నిలువుగీత గీయండి. ఎడమవైపు "ఉంటే ఏం కనబడాలి", కుడివైపు "లేకపోతే ఏం కనబడాలి". మొర ఆలకించే దేవుణ్ణే తీసుకుందాం. అమెరికాలో గుండె బైపాస్ ఆపరేషన్ అయిన 1,802 మంది మీద చేసిన ఒక అధ్యయనం 2006లో అచ్చయింది. కొందరి కోసం ముక్కూముఖం తెలియనివాళ్లు ప్రార్థన చేశారు. తమ కోసం ప్రార్థిస్తున్నారో లేదో తెలియనివాళ్లలో, ప్రార్థన జరిగినవారికి 52 శాతం, జరగనివారికి 51 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఇబ్బందులొచ్చాయి. ప్రార్థన ఖాయమని ముందే చెప్పిన గుంపులో 59 శాతం. దీన్ని ఎలా రాసుకోవాలి? పరాయివాళ్లు అడిగితే, అడిగినంత లెక్కగా, శరీరం మీద పనిచేసే దేవుడు అక్కడ కనబడలేదు. అంతవరకే. ప్రార్థన చేసిన మనిషి గుండె దిటవుపడిందా అన్నది ఆ అధ్యయనం చూసిన ఫీల్డు కాదు. నాస్తికులు ఆ అంకెలను ఇంకా దూరం లాగుతారు, భక్తులు అసలు చూడరు.

సృష్టికర్త దగ్గర వాదన ఇంకోలా నడుస్తుంది. కుండ ఉంటే కుమ్మరి ఉన్నట్టే, లోకముంటే కర్త ఉండాలన్నది ఉదయనుడి లాంటి న్యాయ దర్శనం వాళ్ల పట్టు. బౌద్ధుడు ధర్మకీర్తి దీనికి చెప్పిన ఎదురు నాకు భలే నచ్చుతుంది: పుట్ట కూడా మట్టే, ఆకారమూ ఉంది, దాన్నీ కుమ్మరే చేశాడంటావా? ఇలా ఏ వాదనకైనా దానికి పుట్టిన గట్టి ఎదురును పక్కనే రాయండి. మీ పక్షానికి దొరికిన మంచి వాదనను కాదు, అవతలి పక్షపు మంచి వాదనను ముందు రాయండి. బాధల సంగతీ అంతే. పూర్వకర్మ అంటారు. మొదటి జన్మ మాటేమిటంటే సంసారానికి మొదలే లేదని బ్రహ్మసూత్రాల జవాబు. అది జవాబో, ప్రశ్నను వెనక్కి జరపడమో మీరే చూసుకోండి. నాకు రెండోదే అనిపిస్తుంది.

"ఎందుకైనా మంచిది, నమ్మేస్తే పోలా?" అన్న బేరం ఫ్రెంచి గణితవేత్త పాస్కల్ నాటి నుంచీ ఉంది. ఏ మతపు దేవుణ్ణి నమ్మాలో ఆ బేరం చెప్పదు. దాని మీద ఎక్కువ టైం పెట్టకండి.

ఈలోగా దణ్ణం పెట్టాలా మానాలా అని చాలామంది అడుగుతారు. మీకు అలవాటైతే పెట్టండి, దాన్ని సాక్ష్యంగా మాత్రం రాసుకోకండి. మానేస్తే ఏమవుతుందోనన్న భయంతోనే పెడుతున్నారా? అయితే కొన్నాళ్లు మాని, ఆ భయాన్ని గమనించండి. ఇంట్లో నమ్మినవాళ్లు జబ్బుతోనో దుఃఖంతోనో ఉన్నప్పుడు వాదన ఎత్తొద్దు. చిన్నపిల్లలు అడిగితే మాత్రం వాయిదా వేయకండి. మా మనవరాలు, "అమ్మమ్మా, దేవుడికి నిద్రొస్తుందా?" అంది. ఆ ప్రశ్న నా నోట్‌బుక్‌లో లేదు. రాసుకున్నాను.

నా రిపోర్టు అడుగుతారేమో. మొర ఆలకించేవాడు: చాలా ఫీల్డులు చూశాను, కనబడలేదు. సృష్టికర్త: రెండు వైపులా వాదనలు చదివాను, పుట్ట వైపే మొగ్గుతున్నాను. నిర్గుణ బ్రహ్మం: నా దగ్గరున్న లెన్సుకు అందే శాంపిల్ కాదు, రిపోర్టు ఇవ్వలేదు.

ప్రతి జవాబు కిందా తేదీ వేయండి. ఏడాదికోసారి తిరగేయండి. పాత జవాబు నచ్చకపోతే గీకేయకండి, పేజీ చింపేయకండి. ల్యాబ్ రిజిస్టర్లో తప్పు దిద్దినట్టు, కిందిది చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, పక్కన కొత్తది రాసి, సంతకం పెట్టండి.