సిగ్‌టర్మ్ పంపినా ప్రాసెస్ ఆలస్యంగా ముగుస్తోందా? సమస్య - పరిష్కారం

సమస్య

లినక్స్‌లో నైస్ విలువ (సీపీయూ కోసం ప్రాసెస్ ప్రాధాన్యాన్ని తెలిపే అంకె; అది పెరిగేకొద్దీ ప్రాధాన్యం తగ్గుతుంది) 19తో నేపథ్యంలో నడుస్తున్న ప్రాసెస్‌కు, ముగియమని కోరే సిగ్నల్ అయిన సిగ్‌టర్మ్ పంపితే, యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు అది వెంటనే ముగుస్తుంది. సీపీయూ మీద వేరే పనుల ఒత్తిడి ఉన్నప్పుడు మాత్రం ఎన్నో సెకన్లపాటు సిగ్నల్ అందనట్టే కనిపిస్తుంది. విసిగి, బలవంతంగా ముగించే సిగ్‌కిల్ పంపితే ప్రాసెస్ పోతుంది గానీ, బఫర్లలో మిగిలిన డేటాను ఫైలులో రాయడం, తాత్కాలిక ఫైళ్లను తొలగించడం వంటి హ్యాండ్లర్ (సిగ్నల్ వచ్చినప్పుడు నడిచేలా ప్రోగ్రాంలో రాసిన భాగం) పనులేవీ జరగవు.

ముందుగా చూడవలసినది

ప్రాసెస్‌ల వివరాలు చూపే పీఎస్ కమాండ్‌లోని స్థితిలో 'డి' ఉంటే, ఆ ప్రాసెస్ డిస్కు వంటి పరికరం కోసం మధ్యలో లేపడానికి వీల్లేని నిద్రలో ఉందని అర్థం; అక్కడ ప్రాధాన్యం ఎంత పెంచినా ఫలితం ఉండదు. 'టి' ఉంటే దానిని ఎవరో ఆపి ఉంచారు, తిరిగి నడవమనే సిగ్‌కాంట్ సిగ్నల్ పంపాలి. 'ఆర్' (నడుస్తోంది లేదా వంతు కోసం సిద్ధంగా ఉంది) పక్కన 'ఎన్' (తక్కువ ప్రాధాన్యం) ఉంటేనే కింది వివరణ వర్తిస్తుంది.

కారణం

సిగ్నల్ పంపడమంటే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) ఆ ప్రాసెస్ ఖాతాలో ఒక గుర్తు పెట్టడమే. ప్రాసెస్ తన వంతు వచ్చి, కెర్నల్ నుంచి తిరిగి యూజర్ మోడ్‌లోకి, అంటే తన సొంత కోడ్‌లోకి, వెళ్లేటప్పుడే హ్యాండ్లర్ మొదలవుతుంది. సిగ్నల్ తనతో ఏ ప్రాధాన్యాన్నీ తీసుకురాదు. హ్యాండ్లర్ నడిచేది కూడా ఆ ప్రాసెస్ ప్రాధాన్యంతోనే. సీపీయూ వంతులను పంచే షెడ్యూలర్ లెక్కలో నైస్ 0 బరువు 1024, నైస్ 19 బరువు 15. ఒకే సీపీయూ కోసం ఈ రెండూ పోటీపడితే రెండవదానికి దక్కేది సుమారు 1.4 శాతం మాత్రమే. హ్యాండ్లర్ పనికి 100 మిల్లీసెకన్ల సీపీయూ కాలం అవసరమైతే, అది పూర్తికావడానికి దాదాపు 7 సెకన్లు పడుతుంది.

యునిక్స్ కుటుంబానికి చెందిన పాత ఆపరేటింగ్ సిస్టమ్ 4.4 బీఎస్‌డీ కెర్నల్ ఈ ఇబ్బందిని కొంతవరకు ముందే గుర్తించింది. హ్యాండ్లర్ లేని ప్రాసెస్‌కు దానిని అంతం చేసే సిగ్నల్ వస్తే, తగ్గించి ఉన్న ప్రాధాన్యాన్ని మామూలు స్థాయికి తెచ్చేది. లినక్స్ మామూలు సిగ్నళ్ల విషయంలో ఆ పని చేయదు.

పరిష్కారం

ప్రోగ్రాంను మార్చే వీలు లేకపోతే, ముందు రీనైస్ కమాండ్‌తో దాని నైస్ విలువను 0కి తెచ్చి, ఆ తరువాత సిగ్‌టర్మ్ పంపాలి. విలువను తగ్గించడానికి రూట్ అధికారమో, తగిన నైస్ పరిమితి అనుమతో ఉండాలి. ఆ అనుమతి లేకపోతే, స్వయంగా 19కి వెళ్లిన మామూలు వినియోగదారుడు కూడా తిరిగి 0కి రాలేడు. రీనైస్ చేసినా తేడా కనిపించకపోతే ఆటోగ్రూప్ (ఒక్కో సెషన్ ప్రాసెస్‌లను ఒక గుంపుగా చూసి సీపీయూను గుంపుల మధ్య పంచే లినక్స్ ఏర్పాటు) అమలులో ఉందేమో చూడాలి, ఎందుకంటే అప్పుడు నైస్ విలువ ఒకే సెషన్‌లోని ప్రాసెస్‌ల మధ్యే పనిచేస్తుంది.

ప్రోగ్రాం మన చేతిలో ఉంటే, హ్యాండ్లర్‌లోనే నైస్ విలువను మార్చే సెట్‌ప్రయారిటీ ఫంక్షన్‌ను పిలవాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. దానిని నేను సమర్థించను. హ్యాండ్లర్‌లో నిర్భయంగా పిలవదగినవిగా పోసిక్స్ (యునిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) పేర్కొన్న ఫంక్షన్ల జాబితాలో అది లేదు. అంతకన్నా ముఖ్యంగా, హ్యాండ్లర్ మొదలయ్యే సరికే వంతు కోసం ఎదురుచూపులో కొంత కాలం గడిచిపోయి ఉంటుంది.

సిగ్నళ్ల కోసం ఒక ప్రత్యేక థ్రెడ్‌ను (ఒకే ప్రాసెస్‌లో విడిగా నడిచే పనుల వరుసను) కేటాయించడమే సరైన మార్గం. మిగతా థ్రెడ్లను సృష్టించకముందే పీథ్రెడ్ సిగ్‌మాస్క్ ఫంక్షన్‌తో సిగ్‌టర్మ్‌ను నిరోధిస్తే, ఆ నిరోధం కొత్త థ్రెడ్లన్నిటికీ సంక్రమిస్తుంది. ప్రత్యేక థ్రెడ్, సిగ్నల్ వచ్చేదాకా ఆగే సిగ్‌వెయిట్‌ఇన్ఫో ఫంక్షన్‌లో ఎదురుచూస్తూ, సిగ్నల్ రాగానే ముగింపు పనులను తానే చేస్తుంది. పోసిక్స్ చెప్పినదానికి భిన్నంగా లినక్స్‌లో నైస్ విలువ ఒక్కో థ్రెడ్‌కు విడిగా ఉంటుంది కనుక, ప్రాసెస్‌ను 0తోనే ప్రారంభించి, భారీ పని చేసే థ్రెడ్లు మాత్రమే తమ విలువను 19కి పెంచుకుంటే సరిపోతుంది. దీనికి ఏ ప్రత్యేక అధికారమూ అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త అవసరం: 19లో ఉన్న థ్రెడ్ పట్టుకున్న లాక్ (ఉమ్మడి డేటాను ఒకసారికి ఒక థ్రెడ్డే వాడేలా చేసే తాళం) కోసం సిగ్నల్ థ్రెడ్ ఆగవలసి వస్తే పాత ఆలస్యమే తిరిగి వస్తుంది. అందువల్ల ఆ రెండూ పంచుకునే లాక్‌ను పని థ్రెడ్ అతి తక్కువ సేపే పట్టుకునేలా, సుదీర్ఘమైన గణనలు లాక్ బయటే జరిగేలా రాయాలి.